మొత్తం వీడియో చూడమన్న జంగన్న

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రభుత్వం నాకు జీతమిచ్చింది ముఖ్యంగా ఇతరుల ఉపన్యాసాలు వినడానికే. సమాచార శాఖలో పౌర సంబంధాల అధికారిణిగా మొదట నల్లగొండలో, తర్వాత మహబూబ్‌నగర్‌లో పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. పొద్దున్నుంచి షామియానా కింద కూర్చుంటే సాయంత్రానికి చేతికొచ్చేది అరపేజీ పత్రికా ప్రకటన, ఓ మోస్తరు తలనొప్పి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. నాయకులు నోరు జారితే మనమేం చేయాలి మేడం, అని. నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. పదోన్నతులు, బదిలీలు, ఫైళ్ల గోల ఇక్కడ రాయడం లేదు. అవి మీకూ వస్తాయి, మీరే పడండి.

క్రియాపదం మనది

రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్లగొండలో నా పైన ఒక పాతకాలపు అధికారి ఉండేవారు. మనిషి మహా బద్ధకస్తుడు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆయన కుర్చీలో మనిషి ఉన్నాడో, చొక్కా మాత్రమే ఉందో చెప్పడం కష్టం. కానీ నేను రాసిన ప్రకటన చూసేటప్పుడు మాత్రం కళ్లు బాగా తెరిచేవారు. నాయకుడి మాటను ఎప్పుడూ దిద్దేవారు కాదు. వాక్యం చివర నేను పెట్టిన క్రియనే దిద్దేవారు.

"మాట ఆయనదమ్మా, క్రియ నీది" అనేవారు. "ఆయన అన్నదానికి ఆయన జవాబు చెప్పుకుంటాడు. 'అన్నారు' అని రాసినవా, 'మండిపడ్డారు' అని రాసినవా, దానికి జవాబు నువ్వు చెప్పాలె."

అదెంత నిజమో తిరుమలగిరిలో తెలిసింది. అప్పుడా ఊరు ఇంకా నల్లగొండ జిల్లాలోనే ఉంది. మార్కెట్ యార్డుకు ఒక మంత్రి వచ్చారు. వానల్లేని కాలం. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్ద వయసు రైతు లేచి, నువ్వొస్తే వాన పట్టుకొస్తవనుకుంటిమి, ఉత్త చేతులతోనే వస్తివి గదా అని పరాచికమాడాడు. మంత్రి నవ్వి, నేనేమన్న వానదేవున్నా అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు, యార్డంతా నవ్వింది. మర్నాడు ఒక పేపర్లో 'నేనేమైనా వానదేవుణ్ణా? రైతుపై మండిపడ్డ మంత్రి' అని పెద్ద అక్షరాలతో వచ్చింది. అందులో అబద్ధమైన మాట ఒక్కటే, ఆ 'మండిపడ్డ' అన్నది. ఆ ఒక్కటీ చాలింది. రెండు రోజులు దిష్టిబొమ్మలు తగలబెట్టారు. పరాచికమాడిన పెద్దమనిషి పేపర్ల వాళ్లను పిలిచి మేమిద్దరం నవ్వుకున్నం అని చెప్పబోతే, ఆయనను ఆ మంత్రి మనిషి అన్నారు.

ముసలోళ్లను బొంద పెట్టడం

అసలు కథ మహబూబ్‌నగర్ వైపు జరిగింది. రాష్ట్రం వచ్చాక జరిగిన ఒక ఎన్నికల్లో నన్ను వీడియోలు చూసే బృందానికి పెద్దగా వేశారు. అభ్యర్థుల సభలన్నింటినీ కెమెరాలతో తీసుకొస్తారు, మేం కూర్చుని చూస్తాం, నియమం తప్పిన మాట ఉంటే రిటర్నింగ్ అధికారికి రాసిస్తాం. నాకు తోడు సత్తయ్య సారు అనే తెలుగు పంతులు. మాటలన్నీ విని కాగితం మీద దించడం ఆయన పని. సున్నితమైన మనిషి. నాయకులు వాడే వ్యాకరణం విని నిజంగానే బాధపడేవారు.

కల్వకుర్తి దాటాక శ్రీశైలం రోడ్డు మీద ఒక ఊరు. ఆ నియోజకవర్గంలో జంగన్న అనే నాయకుడు పోటీలో ఉన్నాడు. మాటకారి. జనాన్ని నవ్వించడం బాగా తెలిసినవాడు. ఆ ఊళ్లో సభ పెట్టిన మర్నాడే పది సెకండ్లు కూడా లేని ఒక వీడియో అందరి ఫోన్లలోకి పాకింది. అందులో జంగన్న చెయ్యి ఊపుతూ అంటున్నాడు: "గీ ముసలోళ్లను బొంద వెడ్తెనే మీ ఊరు బాగువడ్తది."

ఇక చూడండి. పింఛను తీసుకునే అవ్వలు, తాతలు మండల ఆఫీసు ముందు కూర్చున్నారు. ఒక అవ్వ టీవీ మైకులో, నన్ను బొంద పెట్టే మొగోడు ఇంక పుట్టలేదు అని చెప్పింది. అవతలి పార్టీ వాళ్లు మా ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. ఇది వృద్ధులను చంపి పాతిపెడతామని బెదిరించడమేనన్నారు.

మా రిటర్నింగ్ అధికారి కోస్తా కుటుంబం నుంచి వచ్చిన యువకుడు, మంచివాడే. కాకపోతే భయస్తుడు. వివరణ అడిగితే ఎవరికీ నష్టం లేదు అన్నది ఆయన సిద్ధాంతం. నేను పూర్తి వీడియో తెప్పించి చూసేలోపే జంగన్నకు నోటీసు పంపేశారు.

పూర్తి వీడియోలో ఏముందంటే, ఆ ఊరికి రెండు ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి. రెండూ తుప్పు పట్టినవే. జంగన్న వాటి గురించి చెప్తూ, ఇద్దరు ముసలోళ్లను పట్టుకొని ఊరంతా కరెంటు వాడాలంటే ఎట్ల, పొద్దుమూకితే ఒకడు దగ్గుతడు, వాడు దగ్గితే ఇంకొకడు పడుకుంటడు అన్నాడు. వాళ్లు దగ్గే తీరు కూడా మైకులో దగ్గి చూపించాడు. జనం పడిపడి నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో అన్న మాట అది. ముసలోళ్లంటే ట్రాన్స్‌ఫార్మర్లు. ముందు వరసలో నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఒక అవ్వను చూసి సత్తయ్య సారు ఆగిపోయారు. మండల ఆఫీసు ముందు మైకు పట్టుకున్నది ఆవిడే.

సత్తయ్య సారు తన ప్రతిలో ఆ మాట తర్వాత బ్రాకెట్లు పెట్టి 'నవ్వులు' అని రాశారు. రిటర్నింగ్ అధికారి అది కొట్టేయమన్నారు. నవ్వు మాట కాదు కదా, ప్రతిలో మాటలే ఉండాలి అన్నారు. నేను ఒప్పుకోలేదు. నవ్వు తీసేస్తే ఆ వాక్యం హత్యాయత్నం అవుతుంది సార్, ఉంచితే కరెంటు సమస్య అవుతుంది, మీకేది కావాలో చూసుకోండి అన్నాను. ఆయన ఉంచమన్నారు.

నవ్వు ఆగిన చోటు

పని అక్కడితో అయిపోయినట్టే. సత్తయ్య సారు సీసా తీసి నీళ్లు తాగుతున్నారు. వీడియో ఇంకా నడుస్తోంది. మిగతాది కూడా చూద్దాం అన్నాను. చివరిదాకా చూడడం నా అలవాటు. అందులో గొప్పేమీ లేదు, మధ్యలో ఆపేస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు.

సభ చివర్లో జనంలోంచి ఒక ఆడమనిషి లేచింది. నలభై అయిదేళ్లుంటాయి, తల మీద కొంగు కప్పుకుంది. మా గల్లీకి మోరీ కట్టిస్తనని పోయినసారి ఓట్లప్పుడు చెప్పినవు, ఇంకెప్పుడు అని మురుగు కాలువ సంగతి అడిగింది. గట్టిగా అనలేదు, మామూలుగానే అడిగింది.

జంగన్న నవ్వాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, అంతసేపూ అరిచిన గొంతును తగ్గించి, సొంత చెల్లెలితో మాట్లాడినట్టుగా అన్నాడు:

"హలీమక్కా, నీ చాయ్ హోటలు బస్టాండు కాడనే గద? జాగా పంచాయతిదే గద? మంచిగ నడుస్తాందా? నడవాలె. జర నడవనియ్యి."

ఇంతే. కాగితం మీద చూస్తే ఇంతకంటే తియ్యటి మాట లేదు. కానీ అంతసేపు నవ్విన జనం ఒక్కరూ నవ్వలేదు. హలీమా కూర్చుంది. ఆమె పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కాస్త జరిగారు. వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, తోడు ఎవరూ రాకపోయేసరికి ఆపేశారు.

సత్తయ్య సారు నా వంక చూశారు. ఇక్కడేం రాయమంటారు మేడం అని అడిగారు. ఎవరూ నవ్వలేదని రాయండి అన్నాను.

హలీమా హోటల్లో

మర్నాడు జీపు తీసుకుని ఆ ఊరికి పోయాను. బస్టాండు దగ్గర నాలుగు రేకులు, రెండు బెంచీలు, ఒక స్టవ్. అదీ హోటల్. పక్కన ఖాళీ జాగా, గుంజలు పీకిన గుంతలు ఇంకా పూడలేదు. చాయ్ అడిగితే ఇచ్చింది. నేనెవరో చెప్పగానే డబ్బాలోంచి బిస్కెట్ తీసి ఇవ్వబోయిన చేయి ఆగిపోయింది. ఏం లేదు మేడం, అన్న మంచిగనే మాట్లాడిండు, నా కారోబార్ ఎట్ల నడుస్తాందని అడిగిండు, అంది.

నేను ఇంకేం అడగలేదు. చాయ్ తాగుతూ పక్క జాగా ఎవరిదని మాత్రం అడిగాను.

అప్పుడు చెప్పింది. అక్కడ యాదయ్యది పంక్చర్ దుకాణం ఉండేదట. ఎన్నికలు మొదలు కాకముందు జంగన్న ఊళ్లోకి వస్తే యాదయ్య కూడా ఇదే మోరీ సంగతి అడిగాడు. వారం తిరగకుండా పంచాయతీ వాళ్లు వచ్చి రోడ్డు పెద్దగ చేస్తున్నం అని దుకాణం ఎత్తేయించారు. రోడ్డు మాత్రం పెద్దది కాలేదు. ఒక్క తట్ట మన్ను కూడా పోయలేదు. యాదయ్య ఇప్పుడు హైదరాబాదులో ఎవరి దగ్గరో కూలికి చేస్తున్నాడు.

"నన్ను ఏం బెదిరియ్యలే మేడం" అంది హలీమా. "గా జాగా దిక్కు జూసి మాట్లాడిండు, అంతే."

ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని నాకు ఆ బెంచీ మీదే ఎదురైంది. నేను రాయకపోతే ఆ మాట ఉత్త పలకరింపుగా ఉండిపోతుంది. రాస్తే ఈమె పేరు బయటికొస్తుంది. ఎన్నికలయ్యాక నేను నా ఆఫీసులో ఉంటాను, ఆమె ఇదే రోడ్డు మీద ఉంటుంది. ఈ మాట దాచకుండా ఆమెకే చెప్పాను. వద్దంటే రాయనన్నాను. పేరు లేకుండా రాయమంటే అట్లాగే రాస్తానన్నాను.

ఆమె స్టవ్ మీది పాల వైపు తిరిగింది. పాలు పొంగితే దించింది.

"పేరు లేకుంటె మీ ఆఫీసోళ్లు నమ్ముతరా?" అని అడిగింది.

నమ్మడం కష్టమేనన్నాను.

"మరి రాయిండ్రి. పేరుతోనే రాయిండ్రి. ఎవ్వలికి చెప్పకుంట తీసేస్తె యాదయ్య లెక్క పోత. పది మందికి ఎరుకైనంక తీసేస్తె, ఎందుకు తీసిన్రో గా పది మందికి ఎరుకైతది."

తర్వాత బిస్కెట్ ఇచ్చింది.

విచారణ

నోటీసుకు జవాబు చెప్పడానికి జంగన్న వకీలును, పేపర్ల వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆఫీసు మెట్ల మీదే మాట్లాడాడు. నా మాటను ముందూ ఎనకా కత్తిరించిన్రు, గిది కుట్ర అన్నాడు. లోపలికి వచ్చాక కూడా అదే. బల్ల మీద చెయ్యి పెట్టి రిటర్నింగ్ అధికారితో అన్నాడు:

"మొత్తం వీడియో చూడున్రి సార్. మొదటి సంది ఆఖరి దాంక చూడున్రి. అప్పుడు నేను తప్పు జేసిన్నంటె గిక్కడ్నే చేతులు కట్టుకోని నిలవడ్త."

ఇంత మంచి మాట ఒక నాయకుడి నోట నేను ఎన్నడూ వినలేదు. వెంటనే పెట్టించాను.

ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గు వచ్చేసరికి గదిలో అందరూ నవ్వారు. ఫిర్యాదు చేసిన అవతలి పార్టీ మనిషి కూడా ఆపుకోలేకపోయాడు. రిటర్నింగ్ అధికారి హాయిగా ఊపిరి పీల్చుకుని, ఇందులో తప్పేమీ లేదండీ అన్నారు. జంగన్న లేచి అందరికీ దండాలు పెడుతున్నాడు.

కూర్చోండన్నా, ఇంకా ఉంది, ఆఖరి దాకా అన్నారు కదా అన్నాను.

కూర్చున్నాడు. హలీమా లేచింది, అడిగింది, ఆయన జవాబు చెప్పాడు, జనం నవ్వలేదు. వీడియో ఆగింది. ఏముంది ఇందులో అని వకీలు అడిగాడు. జంగన్న భుజాలెగరేసి, గామెను జర మందలిచ్చిన సార్, గంతే అన్నాడు.

రిటర్నింగ్ అధికారి కళ్లు మెరిశాయి. కలం తీసుకుని, "అంటే ఆమెను మందలించినట్టు మీరే ఒప్పుకుంటున్నారన్నమాట" అని రాయబోయారు.

మాకు కావలసిన నేరాంగీకారం అప్పనంగా దొరుకుతోంది. సత్తయ్య సారు బల్ల కింద నా చెయ్యి గిల్లారు, మాట్లాడకండి అని. కానీ మాటను దాని చోటులో పెట్టి చూడాలని నేను అందరికీ చెప్పే మనిషిని, నాకు లాభమైనప్పుడు ఆ సూత్రం ఎట్లా ఎగ్గొట్టను? సార్, ఇక్కడ మందలించడమంటే కోప్పడడం కాదు, పలకరించి మంచీ చెడూ అడగడం అని చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టేశారు. మేడమే నాకు వకీలు లెక్కున్నది అని జంగన్న సంతోషపడ్డాడు. అసలు వకీలు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

అప్పుడు యాదయ్య దుకాణం సంగతి, ఖాళీ జాగా సంగతి, హలీమా చెప్పింది, ఆమె సంతకంతో సహా ముందు పెట్టాను. ఒక్క విశేషణం వాడలేదు. రిటర్నింగ్ అధికారి అంతా చదివారు. చదివాక ఆయన వేసిన ప్రశ్న నేను ఆయన నుంచి ఆశించనిది. భయస్తులను ఎప్పుడూ తక్కువ అంచనా వేయకండి.

"ఆమె మిమ్మల్ని అడిగింది మోరీ గురించి కదండీ. మీరు హోటల్ జాగా గురించి ఎందుకు అడిగారు?"

గది మొత్తం జంగన్న వైపు చూసింది. అంత మాటకారి, మైకులో దగ్గి కూడా జనాన్ని నవ్వించగలిగినవాడు, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. వకీలు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

తర్వాత జరిగింది

ట్రాన్స్‌ఫార్మర్ల మాటకు ఏ చర్యా లేదు. రెండో మాటకు పైనుంచి ఆర్డరు వచ్చింది, అభ్యర్థిని మందలించడమైనది అని. ఇది పుస్తకాల మందలింపు, అంటే చివాట్లు. అయితే అది పేపర్లో పడ్డాక మా పాలమూరు పల్లెల్లో ఎట్లా అర్థమైందో మీరు ఊహించుకోవచ్చు. ఎన్నికలోళ్లు జంగన్నను మందలిచ్చిన్రంట, అంత పెద్దోళ్లు పనిగట్టుకోని మంచిగున్నవా అని అడిగిన్రంట అని మురిసిపోయినవాళ్లను నేనే చూశాను. జంగన్న సభల్లో కూడా చెప్పుకున్నాడు. ఆ వీడియో కూడా మేమే చూశాం. సత్తయ్య సారు తల పట్టుకున్నారు.

జంగన్న గెలిచాడు. బాగానే గెలిచాడు. న్యాయం జరిగితే చెడ్డవాళ్లు ఓడిపోతారని అనుకునేవాళ్లు ఈ ఉద్యోగంలో చేరకండి.

హలీమా హోటల్ మాత్రం కదల్లేదు. ఎన్నికలయ్యేదాకా బస్టాండు దగ్గర ఏ దుకాణమూ ఎత్తొద్దని రిటర్నింగ్ అధికారి పంచాయతీకి రాశారు. ఎన్నికలయ్యాక ఆ కాగితానికి విలువ లేదు. కానీ ఆమె అన్నట్టే పది మందికీ తెలిసిపోయింది. ఆ రేకుల మీద చెయ్యి వేస్తే తన మాటకు అర్థమేమిటో తనే ఒప్పుకున్నట్టవుతుందని జంగన్నకు తెలుసు. పైగా ఆ దారిన పోయినప్పుడల్లా కారు ఆపి అక్కడ చాయ్ తాగడం మొదలుపెట్టాడట. ఎమ్మెల్యే తాగే చాయ్ అని గిరాకీ పెరిగిందని హలీమా ఫోన్లో చెప్పింది. యాదయ్య తిరిగి రాలేదు. ఆ జాగా ఇంకా ఖాళీగానే ఉంది. మోరీ సగం కట్టారు.

కొత్తవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. గట్టిగా అరిచిన మాట వెంట అందరూ పడతారు, మీరు పడకపోయినా పని ఆగదు. అరిచేవాడు గొంతు తగ్గించిన చోట ఆగి వినండి. ఎవరితో అన్నాడో, ఆమె ఏం అడిగితే అన్నాడో, పక్కవాళ్లు నవ్వారో లేదో చూడండి. 'నా మాటను సందర్భం లేకుండా వాడుకున్నారు' అని ఏ నాయకుడైనా వాపోతే జాలిపడండి, ఆ సందర్భాన్ని మాత్రం తప్పకుండా పోయి చూడండి. సగం సార్లు ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. మిగతా సగం సార్లు ఆయన దాన్ని మీరు చూడరని నమ్మి అని ఉంటాడు.

నా వీడ్కోలు సభ

నేను రిటైరయిన రోజు మా ఆఫీసు వాళ్లు సభ పెట్టారు. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు, జంగన్నే. మైకు తీసుకుని, మేడం ఇంటికి పోతాందని అందరు బాధపడుతున్నరు, నాకైతే సంతోషమే అన్నాడు. మా వాళ్ల మొహాలు మాడిపోయాయి. జంగన్న కాసేపు వాళ్లను అట్లాగే ఉంచి, నా ఉపన్యాసాలు మొదటి సంది ఆఖరి దాంక ఇన్నది ఈ జిల్లాల మేడం ఒక్కతే, నా పెండ్లాం గూడ ఇనదు, ఇగనన్న ఆమె పానం సుఖంగుంటది అన్నాడు. సభ ఘొల్లుమంది. నేనూ నవ్వాను. దగ్గరకొచ్చి నా భుజం మీద శాలువ కప్పి, రెండు కొసలూ గట్టిగా లాగి సర్దాడు.

మర్నాడు పేపర్లో 'అధికారిణి వెళ్లిపోతున్నందుకు సంతోషం: ఎమ్మెల్యే' అని వచ్చింది. నారాయణపేట నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఇప్పటికీ చేతిమగ్గం మీద చీరలు నేస్తాడు, కోపం తొందరగా వస్తుంది వాడికి. ఆ ఎమ్మెల్యే నంబరు ఇమ్మన్నాడు. నేను జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను, నవ్వులతో సహా. విని చల్లబడ్డాడు. ఇంతకూ ప్రేమతోని అన్నడా, కోపంతోని అన్నడా అని అడిగాడు.

నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఆయన మొహం చూశాను, గొంతు విన్నాను, జనం నవ్వింది విన్నాను. ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా తేల్చుకోలేకపోయాను. అదే మాట వాడితో అన్నాను.

"శాలువ ఏది కప్పిండు?" అని అడిగాడు తమ్ముడు.

పక్కనే కుర్చీ మీద ఉంటే తీసి చూసి, మరమగ్గానిదేరా అన్నాను.

"పవర్‌లూమా?" అన్నాడు వాడు. "అయితె కోపంతోనే అన్నడక్కా."